నిత్యస్మరణీయుడు కాటన్ దొర

మేలు పొందుట సులభము. పొందిన మేలును జ్ఞాపకముంచుకొనుట కష్టము. ఏరు దాటి తెప్ప తగులబెట్టినవాని మాటను మన పెద్దలు సామెతగా చెప్పుకొనిరి. అట్టి సామెత పుట్టినదనగా అట్టివారు లోకమున తక్కువగా లేరనియే అర్థము. కాని ఏరు దాటి నూటడెబ్బది ఏండ్లు గడచినను తెప్పను మరువని ప్రజలును కలరు. వారు గోదావరి డెల్టా వాసులు. వారు మరువని ఆ ఉపకారి ఆర్థర్ కాటన్. అతడు మన దేశమువాడు కాడు, మన భాష వాడు కాడు, మన మతము వాడు కాడు. అయినను ఈ సీమలో అతని పేరు ఎరుగని ఇల్లు లేదు. ఒక మనుష్యుని పేరు ఇంతకాలము ఇందరి నోట నిలుచుటకు కారణమేమి? అతని చరిత్ర తెలిసికొన్నచో ఆ కారణము మనకే బోధపడును.

పశ్చిమ గోదావరి జిల్లాలో వసిష్ఠ గోదావరి పడమటి గట్టున నరసాపురమను పట్టణమున్నది. పదునేడవ శతాబ్దములో ఐరోపా వర్తకులు ఓడలు కట్టించుకొనిన ప్రాంతమది. సముద్రము అచ్చటికి సమీపము. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నును. అందుచేత ఎదుట అంత విశాలమైన నది ఉన్నను వేసవిలో ఆ నీరు పైరుకు గాని త్రాగుటకు గాని పనికిరాదు. ఆ ప్రాంతపు పొలములను తడుపునది, త్రాగునీటి చెరువులను నింపునది కాలువ నీరు. ఆ నీరు ఎన్నో మైళ్ల ఎగువన, ధవళేశ్వరము కడ ఉన్న ఆనకట్టనుండి బయలుదేరి, లాకులు దాటి, తూములు దాటి, వందలకొలది గ్రామములకు పంచగా మిగిలినది, చిట్టచివరకు ఈ శివారు భూములను చేరును. కాలువ మొదట ఉన్నవానికి నీటి విలువ అంతగా తెలియదు. చివర ఉన్నవానికి ప్రతి చుక్క విలువయు తెలియును. కాబట్టి కాటన్ దొర చేసిన మేలును కొలుచుటకు నరసాపురము వంటి శివారు ప్రాంతమే సరియైన స్థలము.

ఆ మేలు ఎట్టిదో తెలియవలెనన్నచో దానికి ముందున్న స్థితి తెలియవలెను. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సగములో ఈ సీమ నేడున్నట్లు పచ్చగా లేదు. గోదావరి వర్షాకాలమున పొంగి ఊళ్లను ముంచుచుండెను. వేసవిలో ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయగా ప్రవహించి, రైతులు చూచుచుండగనే సముద్రమున కలియుచుండెను. వానలు పడిన ఏట వరద భయము, పడని ఏట కరవు భయము. 1832-33లో వచ్చిన కరవును నాటి ప్రజలు నందన కరవని పిలిచిరి. డొక్కల కరవనియు దానికి పేరు. గుంటూరు జిల్లాలో అప్పటి ఐదులక్షల జనములో సుమారు రెండులక్షల మంది ఆ కరవునకు బలియైరని చెప్పుదురు. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచివేసెను. కొందరు ప్రాణములు కోల్పోగా, మరికొందరు ఊళ్లు విడిచి వలసపోయిరి. ఏడులక్షలకు మించియుండిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య ఇరువది ఏండ్లలో ఆరులక్షలకు దిగువకు పడిపోయెను. ప్రక్కనే మహానది ప్రవహించుచుండగా దాహముతోను ఆకలితోను జనులు చచ్చుట ఎంత దారుణము!

ఈ దారుణమునకు ప్రతిక్రియ చేయవలసినవాడు అప్పటికే ఇంగ్లండు దేశమున పుట్టి పెరిగి, దక్షిణ భారతమున పనిచేయుచుండెను. ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆర్థర్ ఆయనకు పదియవ కుమారుడు. పెద్ద కుటుంబము, పిల్లలెవరి బ్రతుకుతెరువు వారు చూచుకొనవలసినదే. ఆర్థర్ పదునైదవ ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరెను. అచ్చట గణితము, భూమి కొలతలు, కోటల నిర్మాణము మున్నగు విద్యలు నేర్చెను. పదునేడు నిండకముందే ఇంజనీరుగా ఉద్యోగము లభించెను. కొంతకాలము వేల్సు ప్రాంతమున భూమి కొలతల పనిలో శిక్షణ పొంది, 1821లో మద్రాసు రాజధానికి నియమింపబడెను. అప్పటికి అతని వయస్సు పదునెనిమిదేండ్లు. నేటి లెక్కలో కళాశాలలో అడుగుపెట్టు వయస్సు.

మద్రాసునకు వచ్చిన తరువాత అతనికి చెరువుల శాఖలో పని దొరికెను. దక్షిణ జిల్లాలలోని చెరువులను, కాలువలను, పాత కట్టలను పరిశీలించుట అతని విధి. నడుమ 1824 మొదలు రెండేండ్లు బర్మా యుద్ధమునకు వెళ్లి వచ్చెను. యుద్ధము మనుష్యులను ఎట్లు నాశనము చేయునో కన్నులార చూచినవాడు, తిరిగి వచ్చి నీటిచేత మనుష్యులను ఎట్లు బ్రతికింపవచ్చునో ఆలోచింపసాగెను.

ఆ రోజులలో తంజావూరు సీమకు ఒక పెద్ద ఆపద వచ్చియుండెను. కావేరీ నది శ్రీరంగము కడ రెండు పాయలుగా చీలును. ఒకటి కావేరి, రెండవది కొళ్లిడము. కొళ్లిడము పల్లము కాబట్టి నీరంతయు క్రమముగా ఆ వైపునకే పోవుచు, కావేరి పాయ ఇసుకమేట వేయుచుండెను. తంజావూరు పొలములు ఎండనారంభించెను. దీనికి ఉపాయము కనుగొనుమని కాటన్‌ను నియమించిరి. అతడు అచ్చట చోళరాజుల నాటి కల్లణను చూచెను. దానిని కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి. అడుగు దొరకని ఇసుకలో, యంత్రములు లేని కాలమున, రాళ్లను పేర్చి కట్టిన ఆ కట్ట వందలకొలది ఏండ్లుగా వరదలకు నిలిచియుండుట చూచి అతడు ఆశ్చర్యపడెను. ఐరోపా ఇంజనీర్లు గట్టి నేల దొరకనిదే పునాది వేయరు. ఇసుకలో రాళ్లు వాటియంతట అవి దిగబడి కుదురుకొని నిలుచునను రహస్యమును ఆ ప్రాచీనులే అతనికి నేర్పిరి.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. కాటన్ ఆ రహస్యమును తన ప్రతిభగా చెప్పుకొనలేదు. లోతు తెలియని ఇసుకలో పునాది వేయుటను తాము ఈ దేశపు పూర్వుల వద్దనే నేర్చుకొంటిమని అతడు స్పష్టముగా వ్రాసెను. పాలించు జాతివాడు పాలితుల పూర్వులను గురువులుగా అంగీకరించుట ఆ కాలమున సామాన్యమైన విషయము కాదు. తనకెవరి వలన ఏమి లభించినదో ఎరిగియుండుటయే కృతజ్ఞత. ఆ గుణము మొదట కాటన్‌లోనే ఉండెను. ఆ పాఠమును ఆధారము చేసికొని అతడు 1836 ప్రాంతమున కొళ్లిడము మీద ఎగువ ఆనకట్టను, దిగువ ఆనకట్టను కట్టించెను. తంజావూరు సీమకు నీరు దక్కెను.

ఎడతెగని శ్రమవలన అతని ఆరోగ్యము చెడెను. వైద్యుల సలహాపై సెలవు పుచ్చుకొని ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమునకు వెళ్లెను. అచ్చట 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అను యువతిని వివాహమాడెను. ఆరోగ్యము కొంత కుదుటపడిన పిమ్మట తిరిగి మన దేశమునకు వచ్చెను. అప్పుడు గోదావరి సీమ దుస్థితిని విచారించుటకు మద్రాసు ప్రభుత్వము హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని నియమించియుండెను. ఈ సీమ బాగుపడవలెనన్నచో నదీజలమును పొలములకు మళ్లింపవలెనని ఆయన తెలిపెను. ఆ పని సాధ్యమో కాదో చెప్పవలసిన భారము కాటన్‌పై పడెను.

కాటన్ డెల్టా అంతయు తిరిగెను. కొండలనుండి సముద్రము వరకు నేల వాలును కొలిచెను. అప్పుడతనికి ఈ భూమి నిర్మాణములోని ఒక విశేషము తెలిసెను. సామాన్యముగా నది పల్లమున ప్రవహించును, పొలములు ఎత్తున ఉండును. డెల్టాలో అట్లు కాదు. వేల ఏండ్లుగా వరదలు తెచ్చిన ఒండ్రు గట్ల ప్రక్కనే ఎక్కువగా పేరుకొనుటచేత నది గట్లు ఎత్తై, పొలములు వాటికి దూరమైన కొలదియు, సముద్రమునకు చేరువైన కొలదియు క్రమముగా పల్లమగును. కాబట్టి డెల్టా తలభాగమున నీటిమట్టమును కొన్ని అడుగులు పెంచగలిగినచో చాలును; నీరు తనంతట తానే కాలువల వెంట పారి సముద్రతీరము వరకు పోవును. ఏతము అక్కరలేదు, ఎద్దు అక్కరలేదు. ప్రకృతి సగము పని చేసి ఉంచినది. మిగిలిన సగము మనుష్యుడు చేయవలెను.

ఈ సంగతులను వివరించుచు అతడు 1844, 1845 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. కంపెనీ ప్రభువులకు పన్ను రాబడిపై ఉన్న శ్రద్ధ రైతు కష్టముపై ఉండెడిది కాదు. అంత నదికి అడ్డుకట్ట నిలుచునా అని కొందరు సందేహించిరి. అంత ధనము వెచ్చించుట అవివేకమని కొందరు వాదించిరి. కాటన్ వారికి లెక్కలతో సమాధానము చెప్పెను. నీరిచ్చినచో పంట పండును, పంట పండినచో పన్ను వచ్చును, కరవు రాకున్న ప్రజలు బ్రతుకుదురని వారికి అర్థమగు భాషలోనే వాదించెను. తుదకు 1846 చివర అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను.

ఆనకట్ట కొఱకు ఎన్నుకొనిన స్థలము రాజమహేంద్రవరమునకు దిగువనున్న ధవళేశ్వరము. అచ్చట నది దాదాపు నాలుగు మైళ్ల వెడల్పు. నడుమ లంకలుండుటచేత నది నాలుగు పాయలుగా ఉండును. కాబట్టి ఆనకట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా కట్టవలసివచ్చెను. కట్టడపు పొడవు రెండుంబావు మైళ్లు, ఎత్తు పండ్రెండడుగులు. ధవళేశ్వరము కొండ రాయి దానికి ఆధారము. ఇసుకలో బావులు దింపి పునాదులు వేసిరి. కొండనుండి రాళ్లను తెచ్చుటకు ఇనుప పట్టాల దారి వేసిరి, పడవలు నడిపిరి. నది తగ్గియున్న నెలలలోనే పని జరుగవలెను. వరద వచ్చులోపల కట్టినది నిలుచునంత బలముగా ఉండవలెను. ప్రతి సంవత్సరము మనుష్యునికి, నదికి నడుమ పందెము వంటిది జరిగెను.

పని ముమ్మరముగా ఉన్న దినములలో పదివేలమంది వరకు కూలీలు శ్రమించిరి. ఎండలో రాళ్లు మోసినవారు, సున్నము కలిపినవారు, నడుములోతు నీటిలో నిలిచి పునాదులు కట్టినవారు వారే. వారి పేర్లు ఏ ఫలకము మీదను లేవు. ఆ జనసమూహమును సమకూర్చి, పనిని క్రమపరచి నడిపినవాడు వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి. భాష తెలియని ఇంగ్లీషు ఇంజనీర్లకును, దూరదేశపు దొరలను ఎన్నడు చూడని కూలీలకును నడుమ వంతెనయై నిలిచినవాడు ఆయన. ఈ పని నెరవేరుటకు వీరన్న సాహాయ్యము ఎంత ముఖ్యమో కాటన్ బాహాటముగా చెప్పెను. చోళుల ఋణమును ఒప్పుకొనినవాడు తన క్రింది ఉద్యోగి ఋణమును కూడ ఒప్పుకొనెను. పెద్దపని చేసినవారందరును పెద్దవారు కారు; ఆ పనిలో తనకు తోడుపడినవారిని చెప్పుకొనగలిగినవాడే పెద్దవాడు.

నడుమ కాటన్ ఆరోగ్యము మరల క్షీణించెను. 1848లో అతడు పనిని కెప్టెన్ ఆర్ అను ఇంజనీరునకు అప్పగించి విశ్రాంతికై ఆస్ట్రేలియాకు వెళ్లెను. 1850లో తిరిగి వచ్చి మిగిలిన పనిని సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. గోదావరి చరిత్రలో అదియొక క్రొత్త శకము.

ఆనకట్టతో పని ముగియలేదు. నీరు నిలిపినంత మాత్రమున పొలము తడియదు. ధవళేశ్వరము నుండి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుండి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరము నుండి పశ్చిమ డెల్టాకు కాలువలు త్రవ్విరి. పెద్ద కాలువలనుండి చిన్న కాలువలు, వాటినుండి పిల్ల కాలువలు, వాటినుండి పొలముల బోదెలు చెట్టు కొమ్మలవలె వ్యాపించెను. వైనతేయ పాయ అడ్డువచ్చినచోట గన్నవరము కడ హేగ్ అను యువ ఇంజనీరు నలుబది తొమ్మిది కమానుల మీద కాలువను నది పైనుండి దాటించెను. నది మీద మరొక నది పారినట్లుండిన ఆ అక్విడక్టును చూచి జనులు అబ్బురపడిరి. నాగరము లంకకు దానివలన నీరందెను. పశ్చిమమున నరసాపురము కాలువ పాలకొల్లు ప్రాంతమును తడిపి సముద్రతీరము వరకు సాగెను.

ఆ కాలువలు నీటి దారులే కాక బాటలు కూడ అయ్యెను. లాకుల సాహాయ్యముతో పడవలు ఎగువకు దిగువకు నడిచెను. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెండ్లివారు, విద్యార్థులు అందరును పడవలలోనే ప్రయాణము చేసిరి. నిడదవోలు నుండి నరసాపురమునకు రైలు వచ్చువరకు ఆ ప్రాంతమునకు కాలువయే రాజమార్గము. సార్వా పంటకు తోడు దాళ్వా పంట కూడ పండించు భాగ్యము క్రమముగా రైతునకు కలిగెను. నేడు ఈ కాలువల క్రింద సుమారు పదిలక్షల ఎకరముల భూమి సాగగుచున్నది. జనులు వలసపోయిన సీమకు జనులు వలస వచ్చిరి. కరవు సీమ అన్నపూర్ణ అయ్యెను.

గోదావరి విజయము చూచి కృష్ణానదిపై బెజవాడ కడ ఆనకట్ట కట్టుటకు ప్రభుత్వమునకు ధైర్యము కలిగెను. అది 1855లో పూర్తియయ్యెను. కాటన్ అంతటితో తృప్తిపడక, దేశములోని మహానదులనన్నిటిని కాలువలతో కలిపి, ఒకచోటి వరదను మరొకచోటి కరవునకు మందుగా చేయవలెనని కలలు కనెను. 1860లో ఉద్యోగము విరమించెను. 1861లో అతనికి సర్ బిరుదమిచ్చిరి. అయితే అతడు తలపెట్టినవన్నియు ఫలించినవని అనుకొనరాదు. అతని సలహాపై ఒక కంపెనీ తుంగభద్ర నీటిని కర్నూలు, కడప ప్రాంతములకు మళ్లించు కాలువను త్రవ్వించెను. అనుకొనిన లాభము రాక ఆ కంపెనీ నష్టపడగా, 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనవలసివచ్చెను. విమర్శకులు అతనిని పరిహసించిరి. రైళ్లకు ఇచ్చినంత ధనము కాలువలకు కూడ ఇచ్చినచో కరవులు రావని వాదించినందుకు 1878లో, తన డెబ్బది అయిదవ ఏట, బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట అతడు కఠినమైన ప్రశ్నలకు జవాబు చెప్పవలసివచ్చెను. అతడు జంకలేదు. కాలువ కట్టినచో రైతు బ్రతుకునను తన మాటను వదలలేదు.

చివరి ఏండ్లు ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున గడపెను. అచ్చటను ఊరక కూర్చుండలేదు. నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు విధానములను పరీక్షించుచుండెను. 1899 జూలై 24వ తేదీన, తొంబది ఆరేండ్ల వయస్సున కన్నుమూసెను. మరుసటి సంవత్సరము అతని కుమార్తె లేడీ హోపు తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

కాటన్ శరీరము ఇంగ్లండు నేలలో కలిసినను అతని పేరు గోదావరి నీటిలో నిలిచినది. ధవళేశ్వరమున అతని విగ్రహమున్నది, మ్యూజియమున్నది. ఆ పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా సేవచేసి శిథిలము కాగా, దాని చెంత 175 ద్వారములతో క్రొత్త బ్యారేజీని కట్టి, 1982లో పూర్తిచేసి, దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టిరి. డెల్టా గ్రామములలో కాలువ గట్ల మీద, కూడళ్లలో అతని విగ్రహములు కానవచ్చును. ప్రతి సంవత్సరము మే 15వ తేదీన రైతులును ఇంజనీర్లును వాటికి పూలమాలలు వేయుదురు. అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది మరొకటి కలదు. గోదావరిలో స్నానము చేయునప్పుడు ఋషులతో పాటు కాటన్‌ను కూడ స్మరించుటకు పండితులు సంస్కృతమున ఒక శ్లోకమునే కూర్చుకొనిరి. గంగను భువికి తెచ్చిన భగీరథునితో అతనిని పోల్చి, నిత్యము స్నానము చేయు భాగ్యమును ఈయన కలిగించెనని అందు భావము. ఆచారమును అంతగా పాటించు పండితులు పరదేశియైన ఒక ఇంజనీరును తమ నిత్యకర్మలో చేర్చుకొనుట ఎంతటి విశేషము!

విగ్రహమునకు ఏడాదికొకమారు పూలమాల వేయుట సులభము. ప్రతిదినము తలచుకొనుట కష్టము. ఆ పండితులు ఆ కష్టమును సులభము చేసికొనిన ఉపాయమును చూడుడు. దినమున తప్పనిసరిగా చేయు పని యొకటి కలదు, అది స్నానము. ఆ పనికి స్మరణను ముడివేసిరి. నీరు ఒంటిమీద పడగానే నీరిచ్చినవాడు జ్ఞప్తికి వచ్చును. ప్రత్యేకముగా సమయము కేటాయింపనక్కరలేదు, మరచిపోవుదుమను భయము లేదు. ఏ మంచి అలవాటైనను ఇట్లే పాదుకొనును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. కాటన్ కంపెనీ ఉద్యోగి కదా, కంపెనీ ఈ దేశమును దోచుకొనలేదా, పన్ను రాబడి పెరుగుననియే కదా ఆనకట్టకు ధనమిచ్చినది, మనమెందుకు కృతజ్ఞులము కావలెనని అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. కంపెనీ రాబడి మిక్కిలి పెరిగినమాట నిజము. కృతజ్ఞత యనగా కన్నులు మూసికొని పొగడుట కాదు. ఎవరివలన ఏమి లభించినదో సత్యముగా ఎరుగుట. అట్లెరిగినవాడు కంపెనీ దోపిడిని ఖండించును, కాటన్ పట్టుదలకు నమస్కరించును, వీరన్న నేర్పును మెచ్చుకొనును, పేరు తెలియని పదివేల కూలీలను తలచి తల వంచును. నేటికిని వానలో ఎండలో కాలువగట్టు మీద తిరిగి తూములు ఎత్తి దింపు లష్కరును కూడ అతడు మరువడు. లెక్క సరిగా వ్రాసినవానికే ఎవరికెంత ఋణపడితినో తెలియును.

ఈ అలవాటు ఇతరులకే కాక మనకును మేలు చేయును. అమెరికా దేశమున రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిరి. వారు కొందరు విద్యార్థులచేత పది వారములపాటు, వారమునకొకమారు, తాము పొందిన మేళ్లను అయిదింటి వరకు వ్రాయించిరి. మరికొందరిచేత తమకు కలిగిన చికాకులను వ్రాయించిరి. మేళ్లను వ్రాసినవారు చికాకులను వ్రాసినవారికంటె తమ జీవితమును గూర్చి ఎక్కువ తృప్తిని, రాబోవు దినములను గూర్చి ఎక్కువ ఆశను కనబరచిరి. ఇందు వింతయేమియు లేదు. మనస్సు పొలము వంటిది. ఏ బోదె తెరచిన ఆ నీరే పారును. లేనివానిని లెక్కించు అలవాటు గలవాడు కలిమిలో కూడ ఏడ్చును. ఉన్నవానిని లెక్కించు అలవాటు గలవాడు లేమిలో కూడ ధైర్యము విడువడు.

విద్యార్థులారా! మీరును ఈ అలవాటును చేసికొనవచ్చును. అందులకు ధనము అక్కరలేదు. ప్రతిదినము మీరు తప్పక చేయు పని నొకదానిని ఎన్నుకొనుడు. అది ముఖము కడుగుకొనుట కావచ్చును, అన్నము ముందు కూర్చుండుట కావచ్చును, రాత్రి దీపమార్పుట కావచ్చును. ఆ సమయమున ఆనాడు మీకు మేలుచేసిన ఒకరిని తలచుకొనుడు. తెల్లవారుజామున లేచి వండిపెట్టిన తల్లియో, అర్థము కాని లెక్కను మరల చెప్పిన ఉపాధ్యాయుడో, దారిలో సైకిలు గొలుసు సరిచేసి ఇచ్చిన మిత్రుడో ఎవరైనను కావచ్చును. వీలైనచో ఒక నోటుపుస్తకమున ఆ మేలును ఒక్క వాక్యముగా వ్రాయుడు. ఊరక మంచివారని వ్రాయక, వారేమి చేసిరో వ్రాయుడు. ఒకటి రెండు దినములు మరచినను విచారింపక మరల ఆరంభింపుడు. ఆనకట్ట ఒక్క రాతితో లేవలేదు. వారమున కొకమారు ఆ వ్రాసినవారిలో ఒకరి కడకు వెళ్లి వారు చేసిన మేలును నోరార చెప్పుడు. మనస్సులో దాచుకొనిన కృతజ్ఞత తూము తెరువని కాలువ వంటిది. దానివలన ఎదుటివాని పొలము తడియదు.

కాటన్ చోళులను తలచెను, వీరన్నను తలచెను. అందుచేతనే కాబోలు, ఈ సీమ కాటన్‌ను తలచుచున్నది. మేలును తలచువాడు మేలు చేయుటకు కూడ నేర్చుకొనును. ఎగువనుండి తనకు వచ్చిన నీటిని తన పొలమున నిలుపుకొని, మిగిలినదానిని దిగువవానికి విడుచుట డెల్టా రైతు నేర్చిన ధర్మము. మన పూర్వులవలన మనకు లభించిన మేలును అనుభవించి, దానికి మన శ్రమను చేర్చి, మన తరువాతివారికి అందించుట మనుష్యులందరును నేర్వవలసిన ధర్మము.